మూడడుగుల దూరం

నా చెల్లెలు కురాకి ఎదురు నిలబడి నేను ఆపిన బంతులకి లెక్కలేదు. ఇంటి వెనక సందులో, బడిలో, ఆ తర్వాత ఇద్దరం జీతం తీసుకుని ఆడిన జట్టు సాధనలో. అది గోల్ వెయ్యాలి, నేను ఆపాలి. ఊహ తెలిసినప్పటినుంచి మా ఇద్దరికీ ఇదే పని. కానీ ఎదుటి జట్టు మనిషిగా దాన్ని కాచింది మాత్రం ఒక్క ఏడే. నాకప్పుడు ముప్పై రెండు, దానికి ఇరవై ఏడు.

ఆ మార్చి ఒకటిన ఆల్చిప్పలు పట్టే కాలం మొదలైంది. నాన్న పడవ దిగి వస్తూ గోనెసంచి ఒకటి తెచ్చి వంటింటి గుమ్మంలో పడేశాడు. దేశం దక్షిణ కొసన మా బ్లఫ్ ఊళ్ళో ఆ రోజు ఏ ఇంటికెళ్ళినా అదే సముద్రం వాసన. అమ్మ పొట్టి కత్తి పట్టుకుని బల్ల ముందు కూర్చుంది. అమ్మని ఊరంతా వికి అంటారు. వారమంతా షెడ్డులో ఆల్చిప్పలు విప్పి మాంసం తీస్తుంది. శనివారం ఇన్వర్‌కార్గిల్ వెళ్ళి, వానైనా గాలైనా, ఆడపిల్లల నెట్‌బాల్ ఆటలకి అంపైరుగా విజిల్ ఊదుతుంది. ముప్పై ఏళ్ళుగా రెండు పనులూ చేస్తోంది. రెండిట్లోనూ చెయ్యి వేగం, చూపు ఇంకా వేగం.

ఫోను మోగింది. నాన్న తీశాడు.

"వికీ, చిన్నది. ఆక్లాండ్ నుంచి."

"చేతులు ఖాళీ లేవని చెప్పు," అంది అమ్మ తలెత్తకుండా.

"నువ్వన్నది దానికి వినిపిస్తూనే ఉంది."

"వినిపిస్తే నువ్వు మళ్ళీ చెప్పే పనే లేదుగా."

నాన్న ఫోను నాకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు. గొడవ డిసెంబరు నాటిది. మా కోచ్ డెస్లీ జమైకా నుంచి ఆరడుగుల ఆరంగుళాల షూటర్ని తెచ్చుకుంది. కురాని పిలిచి, ఈ ఏడు నువ్వు ఎక్కువగా బెంచీ మీదే ఉండాల్సి వస్తుందని ఉన్న మాట చెప్పేసింది. కురా వారం తిరక్కుండా ఉత్తరాన ఆక్లాండ్ జట్టుకి సంతకం పెట్టింది. దాని మనిషి రావిరికి అక్కడే ఉద్యోగం కూడా. కానీ అమ్మకి అదేమీ ఎక్కలేదు.

"బెంచీ మీద కూచుంటే ఏమయిందే? నేను ఆడే రోజుల్లో కూచోలేదా? ఇంటి జట్టుని వదిలి పోతారా ఎవరైనా?"

"నీ రోజుల్లో ఆటకి జీతం ఉండేదేంటి? కూచుంటే నీకేం పోయింది?"

వాళ్ళిద్దరి మధ్య చివరి మాటలు అవే.

ఏప్రిల్ మూడో వారంలో కురా కొత్త జట్టు మా ఊరి మీదికి వచ్చింది. ఇన్వర్‌కార్గిల్ స్టేడియం నిండిపోయింది. అందరికీ అక్కాచెల్లెళ్ళ పోరు చూడాలని సరదా. ఆట మొదట్లో మేమిద్దరం గోల్ కింద పక్కపక్కన నిలబడ్డాం, ఎవరి స్థానం ఏదో చెప్పే అక్షరాలు ఛాతీ మీద వేసుకుని. నెట్‌బాల్‌లో బంతి చేతికొస్తే అడుగు వెయ్యడానికి లేదు. మూడు సెకన్లలో విసిరెయ్యాలి, లేదా షూటరైతే గోల్ వెయ్యాలి. కాచేవాళ్ళు మూడడుగుల దూరంలో నిలబడి చెయ్యి చాపుకోవచ్చు, మనిషిని తాకకూడదు. కురాకి ఏడేళ్ళప్పటినుంచీ ఒక చెడ్డ అలవాటు. అంపైరు చూపు అటు తిరగ్గానే నడుముతో వెనక్కి గెంటి చోటు చేసుకుంటుంది.

"ఆ నడుం తియ్యవే," అన్నాను.

"ఇది నా చోటు. నువ్వే వచ్చి దూరావు."

"అంపైరుకి చెబుతాను."

"అమ్మకి చెప్పు. అమ్మకి చెప్పి ఎన్నాళ్ళయిందో."

మేం తొమ్మిది గోల్స్ తేడాతో గెలిచాం. నేను దాని బంతులు ఆరు లాక్కున్నాను. ఆటయ్యాక అది తువాలు మెళ్ళో వేసుకుని అమ్మానాన్నలున్న వరస దగ్గరికి వచ్చింది. అమ్మ మా జట్టు మఫ్లరు కట్టుకుని ఉంది. ఇద్దరికీ మధ్య ఇనప కమ్మీ ఒక్కటే.

"మోకాళ్ళు వంచట్లేదని చెప్పు దానికి," అంది అమ్మ, నాన్నతో. "అందుకే చివర్లో మూడు తప్పాయి."

"మోకాళ్ళు వంచట్లేదట," అన్నాడు నాన్న.

"వంచుతానని చెప్పు నాన్నా."

"వంచుతుందట."

"నాకు చెవుడు లేదు," అని అమ్మ సంచీ తీసుకుని మెట్లెక్కిపోయింది. కురా నవ్వబోయి ఆగిపోయింది. బస్సు బయల్దేరుతోందని వెళ్ళిపోయింది.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. నా మోకాళ్ళు పొద్దున్న మంచం దిగేటప్పుడు చప్పుడు చేసేవి. సాధన అయ్యాక మంచునీళ్ళ తొట్టెలో నడుం దాకా కూర్చుని పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒక రోజు డెస్లీ కాఫీ కప్పుతో వచ్చి తొట్టె అంచు మీద కూర్చుంది. ఆవిడ వంకరగా మాట్లాడే మనిషి కాదు, అందుకే ఆవిడంటే నాకు ఇష్టం.

"రిరియా, ఈ ఏటితో నీ ఒప్పందం అయిపోతోంది. పైయేడు నాకు గోల్ కీపర్లు ఇద్దరు అక్కర్లేదు. టెగన్ బాగా ఎదుగుతోంది. దానికి పంతొమ్మిది."

"నాకు ముప్పై రెండు."

"నీ వయసు నేనడగలేదు. నువ్వింకా ఎగురుతున్నావా లేదా అన్నదే చూస్తాను. సెమీఫైనల్ దాకా చూస్తాను."

"తర్వాత?"

"తర్వాత ఉన్నది ఉన్నట్టు చెబుతాను."

పదకొండేళ్ళ నుంచి ఆ జట్టు తప్ప నాకు వేరే బతుకు లేదు. పొద్దున్న బరువులెత్తడం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బంతి. పెళ్ళి మాట వచ్చి వెళ్ళిపోయింది. మా నాన్నకి నడి సముద్రంలో రేడియోలో నా పేరు వినిపిస్తే పడవలో అందరికీ చాక్లెట్లు పంచేవాడట. డెస్లీ వెళ్ళాక తొట్టెలో ఇంకో అయిదు నిమిషాలు ఉండిపోయాను. చలి కూడా తెలియలేదు.

ఆదివారాలు కురా నాకు ఫోను చేసేది. ఆ నెలలో మాట మధ్యలోనే ఆవలించేది.

"ఏంటే, అంత నిద్రేంటి?"

"ఇక్కడ సాధన ఎక్కువక్కా. కూచుంటే చాలు కళ్ళు మూసుకుపోతున్నాయి. అమ్మ ఏం చేస్తోంది?"

"నిన్నటి నీ ఆట టీవీలో మళ్ళీ వేస్తున్నారు. అమ్మ వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తోంది."

"ఎన్ని?"

"నువ్వు ఆడినంతసేపూ తీస్తుంది. మొన్న ముగ్గురికి పన్నెండు దుంపలు వండింది."

అది నవ్వింది. చాలాసేపు నవ్వి, "సరేలే," అని పెట్టేసింది.

సెమీఫైనల్ జూలై చివర, ఆక్లాండ్‌లో వాళ్ళ గడ్డ మీద. గెలిచినవాళ్ళు ఫైనల్‌కి, ఓడినవాళ్ళు ఇంటికి. అమ్మ విమానం ఎక్కనని రెండు రోజులు మొండికేసి, మూడో రోజు ఇస్త్రీ చేసిన ప్యాంటు వేసుకుని అందరికంటే ముందు కారులో కూర్చుంది.

ఆటకి ముందు రెండు జట్లూ ఒళ్ళు వేడి చేసుకుంటున్నప్పుడు నేను కురానే చూస్తున్నాను. కాచేవాళ్ళకి అది అలవాటు. ఎడమకాలి మీద దిగుతోందా, భుజం నొప్పిగా ఉందా, ఊపిరి ఎలా తీస్తోంది, అన్నీ చూసుకుంటాం. ఆ రోజు అది బంతిని ఒంటికి దూరంగా పట్టుకుంటోంది. ఛాతీ మీదికి వేగంగా వచ్చిన బంతిని పక్కకి తప్పుకుని పట్టింది. నేల మీద దొర్లే బంతి కోసం పడిపోయే పిల్ల, ఒకటి పోతే పోనిచ్చింది.

విజిల్ మోగింది. మొదటి పావుగంటలో దాని వెనకే నిలబడ్డాను. నడుముతో గెంటుతుందని కాలు బిగపట్టుకుని చూస్తున్నాను. గెంటలేదు. నాకూ దానికీ మధ్య జానెడు చోటు వదిలి నిలబడింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. బంతి అటు చివర ఉంది.

"కురా," అన్నాను.

"ఏంటి?"

"ఎన్ని వారాలు?"

అది నా వైపు తిరగలేదు. మెడ మీద వెంట్రుకలు చెమటకి అంటుకుని ఉన్నాయి.

"పన్నెండు."

బంతి ఇటు వచ్చింది. అది ముందుకి దూకి పట్టుకుంది. నేను మూడడుగులు కొలుచుకుని చెయ్యి చాపాను. గోల్ పడింది. మళ్ళీ పక్కపక్కన నిలబడ్డాం.

"ఆడొచ్చా?"

"డాక్టరు ఆడొచ్చంది. కోచ్‌కి తెలుసు. రావిరికి తెలుసు. కిందటేడు ఒకటి నిలవలేదక్కా. నీకు చెప్పలేదు. ఆటవల్ల కాదు, ఇంట్లో కూచున్నప్పుడే పోయింది."

"అమ్మకి?"

"అమ్మతో మాటలుంటేగా."

"కురా..."

"విను. నువ్వు మెత్తగా ఆడావంటే జన్మలో నీతో మాట్లాడను. అందరితో ఎలా ఆడతావో నాతోనూ అలాగే ఆడు."

"గోల్ కీపర్, షూటర్, కబుర్లు చాలించండి," అంది అంపైరు.

ఆడాను. అబద్ధం చెప్పను, బాగానే ఆడాను. దాని ముందుకి వచ్చి రెండు బంతులు కొట్టేశాను, చేతి మీదుగా ఒకటి లాగేశాను. అదీ తగ్గలేదు. నాలుగో పావుగంట చివరికి యాభై ఒకటికి యాభై ఒకటి. గడియారంలో పదకొండు సెకన్లు. బంతి వాళ్ళ చేతిలో ఉంది.

వాళ్ళ పిల్ల అర్ధచంద్రం గీత మీదనుంచి ఎత్తుగా విసిరింది. చేతి మణికట్టు తిరగడంలోనే అది ఎక్కడ పడుతుందో నాకు తెలిసిపోయింది. కురా కోసం వేసిన బంతే గానీ, కాస్త పొడుగైంది. కురా గోల్ స్తంభం వైపు పరుగెత్తింది, రెండు చేతులూ పైకి చాపి, తల వెనక్కి వాల్చి. నేను స్తంభం దగ్గరనుంచి దానికి ఎదురుగా వస్తున్నాను. ఒక్క అడుగు, ఒక్క ఎగురు. బంతి నాది. నేను ఎగిరేటప్పుడు నా కుడి మోకాలు ముందు లేస్తుంది, ఎదుటి మనిషి పొట్ట దాకా. చిన్నప్పటినుంచీ అంతే. అమ్మ ఎన్నిసార్లు తిట్టినా పోలేదు.

నిలబడిపోయాను.

కురా బంతి అందుకుని రెండు కాళ్ళ మీదా దిగింది. గోల్ వైపు తిరిగే ముందు నా ముఖంలోకి చూసింది. మూడడుగుల దూరంలో నేను చెయ్యి చాపి ఉన్నాను. దానికి మూడు సెకన్లున్నాయి. దాదాపు మూడూ వాడుకుంది. తర్వాత మోకాళ్ళు వంచి, వేసింది.

హారన్ మోగింది. వాళ్ళ జట్టు అంతా ఎగురుతూ వచ్చి దాని మీద పడబోతే అది చేతులు అడ్డం పెట్టి తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏం చేశావు నువ్వు?"

నేను దొర్లుతున్న బంతిని తీసి అంపైరుకిచ్చాను.

"నేను అడిగానా? అడిగానా నిన్ను?"

మా సెంటర్ ఆడే పిల్ల నేల మీద కూర్చుని ఏడుస్తోంది. దాన్ని లేపడానికి వెళ్ళాను. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి, "ఆ బంతి పొడుగైపోయింది కదా, నీకు అందేది కదా," అంది. నిందగా కాదు, అర్థం కాక అడిగింది. ఆ పిల్లకి, మిగిలిన అయిదుగురికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఇప్పటికీ లేదు.

అమ్మ మెట్లు దిగి మైదానంలోకి వచ్చింది. అలా రానివ్వరు. కానీ అమ్మ నడకలో ముప్పై ఏళ్ళ అంపైరు ఉంది, ఎవరూ ఆపలేదు. నేరుగా కురా ముందుకి వెళ్ళి నిలబడింది. పైనుంచి కిందికి చూసింది.

"స్వెట్టరేదే? చెమట మీద గాలి తగిలితే జలుబు చేస్తుంది."

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట అది. కురా బెంచీ వైపు చూపించింది. అమ్మ వెళ్ళి స్వెట్టరు తెచ్చి, చిన్నపిల్లకి తొడిగినట్టు దాని తల మీదనుంచి తొడిగింది.

"ఎప్పటికి?"

"ఫిబ్రవరి."

"మనకి ఎండాకాలం. మంచిదే," అంది అమ్మ.

దుస్తులు మార్చుకునే గది బయట డెస్లీ నాకోసం నిలబడి ఉంది. అరవలేదు.

"ఎందుకు ఎగరలేదు?"

చెప్పాలంటే ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే ఆ గోల్ కురాది కాకుండా పోతుంది. కావాలని ఆట వదిలేసినదాన్నని నా పేరు మిగులుతుంది.

"కాలు లేవలేదు," అన్నాను.

ఆవిడ నా మోకాలి కేసి చూసింది. "సరే," అంది. "చెప్పినందుకు సంతోషం." భుజం తట్టి లోపలికి వెళ్ళింది. నా ఒప్పందం సంగతి అక్కడే తేలిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఉత్తరం మాత్రం అక్టోబరులో వచ్చింది, మర్యాదగా, రెండు పేజీలు.

తిరుగు విమానంలో నాన్న కిటికీ పక్కన నిద్రపోయాడు. అమ్మ మధ్యలో. భూమి కనిపించకుండా తెల్లటి మబ్బు.

"డెస్లీకి ఏం చెప్పావు?" అంది అమ్మ.

"కాలు లేవలేదని."

"నమ్మిందా?"

"నమ్మింది."

అమ్మ బిస్కట్ల పొట్లం విప్పి ఒకటి నాకిచ్చింది. "ఎగరలేనిదెవరో, ఎగరనిదెవరో నాకు తెలీదనుకున్నావా," అంది.

వారం తర్వాత ఫైనల్. కురా ఆడలేదు. ఒంట్లో బాగాలేదని కోచ్‌కి చెప్పి బెంచీ మీద స్వెట్టరు వేసుకుని కూర్చుంది. వాళ్ళ జట్టు పద్నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రి నాకు ఒక సందేశం పంపింది. "నువ్వు దానం చేసిన ఆటతో ఫైనల్ ఎలా ఆడమంటావు?" అంతే.

అప్పటినుంచి మా ఇంట్లో మాటలు అటువి ఇటయ్యాయి. అమ్మా కురా రోజూ ఫోనులో గంటలు గంటలు. ఏం తిన్నావు, కాళ్ళు వాచాయా, ఉప్పు వేసిన సముద్రపు పిట్ట మాంసం పంపనా, వద్దు వాసన పడట్లేదు. అమ్మ ఫోను నాకివ్వబోతే మాత్రం, "అక్కకి నేను బాగున్నానని చెప్పమ్మా." నాన్న నన్ను చూసి తల గోక్కునేవాడు. "ఇప్పుడు మీ ఇద్దరి మధ్య కూడా నేనే మొయ్యాలా ఏంటే మాటలు?" అనేవాడు.

నేను మా ఊరికి ఎదురుగా ఉన్న ద్వీపానికి వెళ్ళే పడవ టిక్కెట్ల దగ్గర పనికి కుదిరాను. టెగన్ ఒకసారి వచ్చి, ఎత్తు బంతుల సంగతి అడిగి, రెండు గంటలు కూర్చుని వెళ్ళింది. మంచి పిల్ల. ఏం అడిగితే అది చెప్పాను. మధ్యాహ్నాలు నిద్రపోవడం మానడానికి మాత్రం నెలలు పట్టింది. రెండు కాగానే కళ్ళు వాలిపోయేవి, టిక్కెట్లు కొనేవాళ్ళు అద్దం మీద కొట్టి లేపేవాళ్ళు.

ఫిబ్రవరిలో కురా కాన్పుకి ఇంటికి వచ్చింది. ఆడపిల్ల. పొడుగు చేతులు, నల్లటి జుట్టు, గాలికి కూడా కోపగించుకునే ముఖం. ఆసుపత్రి నుంచి వచ్చిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం, కురా వంటింటి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పిల్లకి పాలిస్తోంది. అమ్మ పిల్ల బట్టలు మడత పెడుతోంది. నేను రొట్టె కోస్తున్నాను. ఆ ఎనిమిది రోజులూ మేమిద్దరం పిల్ల గురించే మాట్లాడుకున్నాం. తువాలు ఇవ్వు, తలుపు వెయ్యి, అలాంటివే.

"అక్కా," అంది కురా, పిల్ల మీదనుంచి చూపు తియ్యకుండా. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు కాలు లేవలేదా, నువ్వు లేపలేదా?"

అమ్మ చేతులు బట్టల మీద ఆగాయి. నేను రొట్టె ముక్క చివరిదాకా కోసి పక్కన పెట్టాను.

"లేవలేదు," అన్నాను.

"నిజంగా?"

"ఎగరాలనే చూశాను. లేవలేదంతే. నీ మీద జాలిపడేంత తీరిక ఎక్కడిది? పదకొండు సెకన్లే కదా ఉన్నాయి."

కురా నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బంతి చేతిలో పెట్టుకుని, నేను ఎటు కదులుతానో కనిపెట్టే చూపు. నేను కదలలేదు. అది అమ్మ వైపు తిరిగింది.

"నువ్వు చూశావుగా అమ్మా? నువ్వు చెప్పు."

అమ్మ చిన్న చొక్కా ఒకటి తీసి దులిపి మడిచింది. దాని మీద ఇంకోటి పెట్టింది.

"చూసేదేముందే," అంది. "ఏప్రిల్ నుంచే మోకాళ్ళు టపటపా చప్పుడు. నేనే అంపైరునైతే, ముసల్దాన్ని బయటికి తియ్యండ్రా అని ఆట ఆపేసుండేదాన్ని."

కురా నవ్వింది. పిల్ల ఉలిక్కిపడి పాలు వదిలేసి ఏడుపు లంకించుకుంది. కురా నవ్వు ఆపుకోలేక, పిల్లని సముదాయించలేక, నా వైపు చేతులు చాపింది.

"ఇదిగో ముసల్దానా, పట్టుకో కాసేపు."

నేను చేతులు తుడుచుకుని పిల్లని అందుకున్నాను.